చీనా పక్షమున వాదించిన అమెరికన్ న్యాయవాది

ఒక దేశమునకు రాయబారిగా పోయినవాడు తన స్వదేశపు ప్రయోజనములను కాపాడుటకు పోవును. అతని పదవీకాలము ముగియు సమయమున ఆ పరదేశమే అతనిని తన రాయబారిగా నియమించి, తిరిగి అతని స్వదేశమునకే పంపుట దౌత్యచరిత్రలో అత్యంత విరళమైన విషయము. పందొమ్మిదవ శతాబ్దిలో అట్టి గౌరవము పొందినవాడు అమెరికా దేశీయుడైన ఆన్సన్ బర్లింగేమ్. అతడు వృత్తిచే న్యాయవాది; ప్రవృత్తిచే వక్త; కొంతకాలము రాజకీయవేత్త; తుదకు దౌత్యవేత్త. 50 ఏండ్లు నిండకుండగనే విదేశములో, శీతకాలమున, పరదేశపు పనిమీద ఉండగా మరణించెను. బలవంతుడు బలహీనునితో మాటలాడునపుడు కూడ న్యాయమునే ప్రమాణముగా గొనవలెనని అతడు వాదించెను. ఆ వాదము అతని జీవితకాలమున గెలిచినది. అతడు పోయిన పండ్రెండేండ్లకే ఓడిపోయినది. అతని చరిత్రను తెలిసికొనుటకు ఆ గెలుపు ఎంత అవసరమో, ఆ ఓటమియు అంతే అవసరము.

బర్లింగేమ్ 1820 నవంబరు 14వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని న్యూ బెర్లిన్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి జోయెల్ బర్లింగేమ్ వ్యవసాయదారుడు, మెథడిస్టు మతమున గాఢమైన విశ్వాసము గలవాడు. బాలునికి మూడవ యేడు నడుచుచుండగా ఆ కుటుంబము ఒహాయో రాష్ట్రమునకు తరలిపోయెను. మరి పదేండ్లకు మిషిగన్ సీమకు పోయి స్థిరపడెను. ఆ రోజులలో ఆ ప్రాంతములు అమెరికన్ నాగరకతకు పడమటి పొలిమేరలు. అడవి కొట్టి పొలము చేసికొనుట, కొయ్య దుంగలతో ఇల్లు కట్టుకొనుట అచటివారి నిత్యజీవితము. మంచి కంఠము, ధాటియైన మాట ఉన్నవానికి అట్టి సమాజములో గౌరవము త్వరగా లభించును. ఆ రెండును బర్లింగేమ్‌నకు చిన్ననాటనే అబ్బినవి.

డెట్రాయిట్ నగరములో మిషిగన్ విశ్వవిద్యాలయపు శాఖ యొకటి ఉండెను. అందులో కొన్నియేండ్లు చదివి, తరువాత అతడు తూర్పునకు పోయి హార్వర్డ్ న్యాయ కళాశాలలో చేరెను. 1846లో పట్టము పుచ్చుకొని బోస్టన్ నగరములో న్యాయవాద వృత్తిని ప్రారంభించెను. మరుసటి సంవత్సరము కేంబ్రిడ్జి పట్టణమునకు చెందిన జేన్ లివర్‌మోర్ అను యువతిని వివాహమాడెను. పొలిమేరల నుండి వచ్చిన యువకునికి బోస్టన్ వంటి విద్యానగరములో స్థానము దొరకుట సులభము కాదు. అతనికి ఆ స్థానమును సంపాదించి పెట్టినవి న్యాయస్థానములోని కేసులకంటె సభావేదికలపై చేసిన ఉపన్యాసములే.

అది అమెరికాలో బానిసత్వమును గూర్చిన వివాదము రాజుకొనుచున్న కాలము. మెక్సికోతో జరిగిన యుద్ధము ముగిసి, విశాలమైన కొత్త భూభాగములు అమెరికాకు లభించినవి. ఆ భూములలో బానిసత్వమును అనుమతింపవలెనా, నిషేధింపవలెనా అను ప్రశ్న దేశమును రెండుగా చీల్చెను. కొత్త భూములు స్వేచ్ఛాభూములుగనే ఉండవలెనని కోరినవారు 1848లో ఫ్రీ సాయిల్ అను పక్షమును స్థాపించిరి. బర్లింగేమ్ ఆ పక్షమున చేరి, మసాచుసెట్స్ రాష్ట్రమంతయు తిరిగి ఉపన్యసించెను. 1852లో రాష్ట్ర సెనేటునకు ఎన్నికయ్యెను. 1853లో ఆ రాష్ట్రపు రాజ్యాంగమును సవరించుటకై కూడిన సభలో సభ్యుడయ్యెను.

1854లో అతడు కేంద్ర శాసనసభయగు కాంగ్రెసులోని ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను. ఈ ఎన్నికను గూర్చి ఒక సంగతి మరువరాదు. అతడు గెలిచినది అమెరికన్ పార్టీ తరఫున. ఆ పార్టీవారిని ప్రజలు నో నథింగులు అని పిలిచెడివారు. సంఘపు రహస్యములను ఎవరడిగినను తమకేమియు తెలియదని చెప్పుట వారి నియమము. పేరు అందుండి వచ్చినది. పరదేశములనుండి, ముఖ్యముగా కరవుబారిన పడిన ఐర్లండునుండి వచ్చి చేరుచున్న కాథలిక్కులను ద్వేషించుట ఆ పార్టీ ప్రధాన లక్షణము. ఆ యేడు మసాచుసెట్స్‌లో ఆ పార్టీ గాలి పెనుగాలియై వీచెను. పదవికి అదియే దగ్గరి దారి యని తలచి, బానిసత్వమును వ్యతిరేకించువారు పలువురు ఆ గాలిలో నడచిరి. వారిలో బర్లింగేమ్ ఒకడు. పరదేశీయుల రాకను నిరసించిన పార్టీ మెట్లెక్కి కాంగ్రెసులో ప్రవేశించినవాడే, పదునాలుగేండ్ల తరువాత పరదేశీయుల రాకపోకల హక్కును ఒడంబడికలో వ్రాయించినవాడు. మనుష్యుడు పెరుగుట యనగా నిట్టిదే. అతడు త్వరలోనే ఆ పార్టీని విడిచి, మసాచుసెట్స్‌లో రిపబ్లికన్ పార్టీని నిర్మించినవారితో కలిసెను.

1856 మే నెల 22వ తేదీన వాషింగ్టన్‌లో దేశమును దిగ్భ్రమ పరచిన సంఘటన జరిగెను. మసాచుసెట్స్ సెనేటరు చార్లెస్ సమ్నర్ బానిసత్వమును ఖండించుచు సెనేటులో తీవ్రముగా ప్రసంగించెను. అందులో దక్షిణ కరోలినా సెనేటరు బట్లరును గూర్చి పరుషముగా మాటలాడెను. బట్లరు బంధువైన ప్రెస్టన్ బ్రూక్స్ ప్రతినిధుల సభలో సభ్యుడు. అతడు సెనేటు మందిరమునకు వచ్చి, తన బల్లకడ కూర్చుండి వ్రాసికొనుచున్న సమ్నర్‌ను చేతికర్ర విరుగునంతవరకు బాదెను. సమ్నర్ రక్తసిక్తుడై పడిపోయెను. అతడు కోలుకొని సెనేటులో తన పనిని యథావిధిగ సాగించుటకు మూడేండ్లు పట్టెను. దక్షిణాది వారు బ్రూక్స్‌ను వీరునిగా కొనియాడిరి.

ఈ దౌర్జన్యమును గూర్చి ప్రతినిధుల సభలో బర్లింగేమ్ జూన్ నెలలో చేసిన ప్రసంగము అతని పేరును ఉత్తరాదిలో ఇంటింటికి చేర్చెను. నిరాయుధుడై కూర్చున్న వానిని కొట్టుట ఏ ధర్మయుద్ధ నియమమునకును చెందదని అతడు తెగడెను. తరువాత మిత్రులు సంధి కుదుర్ప బూనగా, మాట కొంత మెత్తబరచి ఒక ప్రకటనకు అంగీకరించెను. బోస్టన్ ప్రజలు అందుకు నొచ్చుకొనిరి. బర్లింగేమ్ తన పొరపాటును గుర్తించి ఆ ప్రకటనను ఉపసంహరించుకొనెను. అంతట బ్రూక్స్ అతనిని ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. ఉత్తరాది రాజకీయవేత్తలు అట్టి ఆహ్వానములను అనాగరకములని త్రోసివేయుట వాడుక. బర్లింగేమ్ మాత్రము వెంటనే ఒప్పుకొనెను. ఆయుధమును, స్థలమును నిర్ణయించు హక్కు అతనిది. ఆయుధము తుపాకి, స్థలము నయాగరా జలపాతమునకు ఆవలనున్న కెనడా భూమి. పడమటి అడవులలో పెరిగిన బర్లింగేమ్ గురి తప్పనివాడని ప్రతీతి. కెనడాకు పోవలెనన్నచో ఆగ్రహముతో ఉన్న ఉత్తరాది రాష్ట్రములను దాటిపోవలెనను కారణము చూపి బ్రూక్స్ వెనుకకు తగ్గెను. తుపాకి పేలకయే ఆ యుద్ధము ముగిసెను. ఉత్తరాది వారు బర్లింగేమ్‌ను తమ పరువు నిలిపినవానిగా ఆదరించిరి.

అతడు మరి రెండుసారులు ఎన్నికలలో నెగ్గెను. 1860లో అబ్రహాం లింకన్ అధ్యక్ష పదవికి పోటీ చేయగా, బర్లింగేమ్ అతని గెలుపునకై ఎడతెగక ప్రచారము చేసెను. లింకన్ గెలిచెను; తన నియోజకవర్గమున బర్లింగేమ్ కొలది ఓట్లతో ఓడిపోయెను. లింకన్ కృతజ్ఞతతో 1861లో అతనిని ఆస్ట్రియాకు రాయబారిగా నియమించెను. కాని బర్లింగేమ్ మునుపు కాంగ్రెసులో హంగరీ స్వాతంత్ర్యమును, ఇటలీలోని సార్డీనియా రాజ్యమును సమర్థించి మాటలాడినవాడు. ఆ రెండును ఆస్ట్రియా చక్రవర్తికి కంటిలో నలుసులు. అట్టి రాయబారిని స్వీకరింపజాలమని ఆస్ట్రియా తెలియజేసెను. బర్లింగేమ్ అప్పటికే పారిస్ చేరియుండెను. లింకన్ ప్రభుత్వము అతని నియామకమును మార్చి చీనాకు పొమ్మని ఉత్తరువు చేసెను. ఐరోపాలో మూసికొన్న తలుపు అతనిని తన జీవితమునందలి గొప్ప కార్యమునొద్దకు చేర్చెను.

ఆనాటి చీనా దుఃస్థితిలో ఉండెను. మన దేశమున పండిన నల్లమందును అమ్ముకొను హక్కుకై ఇంగ్లీషువారు మొదలిడిన యుద్ధములలో అది రెండుసారులు ఓడెను. 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు పీకింగ్ నగరమును, అనగా నేటి బీజింగును, ముట్టడించి చక్రవర్తి వేసవి భవనమును దగ్ధము చేసెను. ఆ ఆజ్ఞ ఇచ్చిన ఎల్గిన్ ప్రభువే 1862లో మన దేశమునకు వైస్రాయిగా వచ్చెను. మరొకవంక తైపింగ్ తిరుగుబాటు దక్షిణ చీనాను కాల్చివేయుచుండెను. పారిపోయిన చక్రవర్తి 1861లో మరణింపగా, ఐదేండ్ల బాలుడు సింహాసనమెక్కెను. విదేశీయులతో వ్యవహరించుటకు త్సుంగ్లీ యామెన్ అను కొత్త శాఖ నెలకొల్పబడెను. దానికి కుంగ్ రాకుమారుడు అధిపతి. వెన్ సియాంగ్ అను మేధావి అతనికి కుడిభుజము. పాశ్చాత్య రాయబారులు రాజధానిలో నివసించుటకు హక్కు అప్పుడే యుద్ధముచే సంపాదింపబడినది.

బర్లింగేమ్ 1861 చివర చీనా తీరము చేరి, 1862 వేసవిలో పీకింగ్‌లో ప్రవేశించెను. ఆ నగరమున కాపురమున్న మొదటి అమెరికన్ రాయబారి అతడే. చీనా భాషకు అతడు తన కార్యదర్శి సామ్యూల్ వెల్స్ విలియమ్స్‌పై ఆధారపడెను. చీనా భాషా పండితులలో విలియమ్స్ ప్రముఖుడు. బర్లింగేమ్ వెంట యుద్ధనౌకలు లేవు. స్వదేశము అంతర్యుద్ధములో మునిగియుండుటచే పంపుటకును వీలులేదు. అతని చేతనున్నది మాట యొక్కటే. ఆ మాటను అతడు రెండు దిక్కులకును వినియోగించెను. ఇంగ్లీషు రాయబారి సర్ ఫ్రెడరిక్ బ్రూస్, ఫ్రెంచి, రష్యన్ రాయబారులు అతనికి త్వరలో మిత్రులైరి. వింత యేమనగా, ఈ బ్రూస్ ఎల్గిన్ ప్రభువునకు స్వయాన తమ్ముడు. అన్న భవనమును దహింపజేసిన దేశమున తమ్ముడు బర్లింగేమ్‌తో కలిసి నెమ్మది మార్గమును వెదకెను.

ఈ నలుగురును అనుసరించిన విధానమునకు సహకార విధానమని పేరు. ఒక్కొక్క రాజ్యము చీనాను వేరువేరుగా బెదరించి లాభము గుంజుకొనుటకు మారుగా, అన్నియు కలిసి నడువవలెను. చీనా అధికారులతోను సహకరింపవలెను. చీనాకు న్యాయముగా చెందవలసినదానిని గుర్తింపవలెను. ఒడంబడికలలోని షరతులను ఉభయపక్షములును ధర్మముగా పాటింపవలెను. 1864లో బర్లింగేమ్ అమెరికన్ కాన్సలులకు ఈ సూత్రములను లిఖితపూర్వకముగా తెలియజేసెను. విదేశీయుల నివాసములున్న రేవుపట్టణముల భూమిపై చీనాకే సార్వభౌమాధికారము కలదనియు, అచట అమెరికన్లు తమకొక ప్రత్యేక రాజ్యమును కోరరాదనియు అతని అభిప్రాయము. ఈనాడు ఇవి సామాన్యములైన మాటలు. ఆనాడు షాంఘై వర్తకులకు ఇవి చేదుగా తోచినవి.

చీనా ప్రభుత్వమునకు అతడు చేసిన మేలులలో పుస్తక సంబంధమైనది యొకటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఆసక్తి కలిగింపగలదు. అంతర్జాతీయ న్యాయమును గూర్చి హెన్రీ వీటన్ అను అమెరికన్ వ్రాసిన గ్రంథమును మార్టిన్ అను మిషనరీ చీనా భాషలోనికి అనువదించుచుండెను. బర్లింగేమ్ ఆ పండితుని ప్రోత్సహించి, త్సుంగ్లీ యామెన్ అధికారులకు పరిచయము చేసెను. ప్రభుత్వ సహాయముతో 1864లో ఆ అనువాదము ప్రకటింపబడెను. అదే యేట ప్రష్యాకు, డెన్మార్కునకు యుద్ధము వచ్చెను. ప్రష్యా నౌక చీనా జలములలో డేనిష్ ఓడలను పట్టుకొనెను. చీనా అధికారులు కొత్త గ్రంథమును తెరచి, తమ జలములలో పరుల యుద్ధము సాగరాదను న్యాయమును ఎత్తిచూపిరి. ప్రష్యా రాయబారి ఆ ఓడలను విడువక తప్పలేదు. ఫిరంగి ముందు ఓడిన దేశము ఒక పుస్తకముతో గెలిచెను. గ్రంథముల శక్తిని తెలుపుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు.

మరియొక సంఘటన 1863 నాటిది. చీనా ప్రభుత్వము ఇంగ్లండునుండి యుద్ధనౌకల దళమును తెప్పించుకొనెను. వచ్చిన పిదప దాని నాయకుడు స్థానికాధికారుల ఆజ్ఞలకు లోబడనని పట్టుపట్టెను. సొమ్మిచ్చి కొన్న నౌకలు తమ మాట వినవని చీనా వారు కలత చెందిరి. ఆ నౌకలు అన్యుల చేతబడినచో ప్రమాదము. బర్లింగేమ్ మధ్యవర్తియై నౌకలను వెనుకకు పంపు ఏర్పాటునకు తోడ్పడెను. అతని వలన తమకు కీడు రాదను నమ్మకము కుంగ్ రాకుమారునికి ఇట్టి సందర్భములలోనే కుదిరెను.

సు జీయు అను చీనా పండితుని కథ ఇంకను హృద్యమైనది. అతడు 1848లో ప్రపంచ భూగోళమును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, అందు జార్జి వాషింగ్టన్ గుణగణములను ప్రశంసించెను. పరదేశీయులను పొగడెనను నింద అతనిపై పడెను. కొంతకాలమునకు ఉద్యోగము పోయెను. తరువాత కాలము మారి, అతడు త్సుంగ్లీ యామెన్‌లో సభ్యుడయ్యెను. 1867లో బర్లింగేమ్ వాషింగ్టన్ చిత్రపటమును తెప్పించి అమెరికా పక్షమున అతనికి బహూకరించెను. ఒక మంచిమాటకు కష్టములు పడిన వృద్ధునకు ఆ మాటకు తగిన గౌరవము ఇట్లు ముట్టెను.

అంతకు ముందటి యేడు, అనగా 1866లో, బర్లింగేమ్ సెలవు ముగించుకొని చీనాకు పోవుచు హవాయి ద్వీపములలోని హొనొలూలూలో కొన్నినాళ్ళు ఆగెను. అప్పుడే హార్నెట్ అను ఓడ నడిసముద్రమున కాలిపోగా, పదునైదుగురు నావికులు చిన్న పడవలో 43 దినములు కొట్టుకొని అచటికి చేరిరి. మార్క్ ట్వేన్ అప్పటికి అంతగా పేరులేని పత్రికా విలేకరి; జబ్బుపడి మంచము దిగలేకుండెను. బర్లింగేమ్ అతనిని మంచముతో సహా ఆసుపత్రికి మోయించి, తానే నావికులను ప్రశ్నించుచుండగా ట్వేన్ వ్రాసికొనెను. ఆ వార్త ట్వేన్ కీర్తికి తొలిమెట్లలో నొకటి అయ్యెను. తనకంటె పైవారి సహవాసమును కోరి ఎదుగుమని బర్లింగేమ్ చెప్పిన హితవును ఆ రచయిత జీవితాంతము స్మరించెను.

1867 నవంబరులో బర్లింగేమ్ పదవిని వదలి స్వదేశమునకు పోవ నిశ్చయించెను. చీనా మంత్రులు అతనికి వీడ్కోలు విందు చేసిరి. ఆ సమయమున వారికొక చింత కలదు. 1858 నాటి ఒడంబడికలను 1868లో పునఃపరిశీలింపవలసియుండెను. ఇనుపదారులు, తంతులు, గనులు, దేశాంతర్భాగమున నివాసము మొదలగు కొత్త కోరికలతో పాశ్చాత్యులు మరల మీదబడుదురని వారి భయము. ఆ రాజధానులలో చీనా మాట చెప్పువారు లేరు. ఆ దేశము అంతవరకు పాశ్చాత్య రాజ్యములకు పూర్తి అధికారముగల రాయబారిని పంపియుండలేదు. వారు బర్లింగేమ్‌ను తమ పక్షమున పొమ్మని కోరిరి. అతడు అమెరికన్ పదవికి రాజీనామా ఇచ్చి సమ్మతించెను. మంచు రాజపురుషుడైన చీకాంగ్, చీనీయుడైన సున్ చియాకు అతనితో సమాన హోదాగల సహచరులుగా నియుక్తులైరి. ఒక ఇంగ్లీషువాడు, ఒక ఫ్రెంచివాడు కార్యదర్శులు. విద్యార్థులతో, పరిచారకులతో కలిసి సుమారు 30 మంది బయలుదేరిరి.

1868 వసంతమున ఆ బృందము శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగెను. విందులు, ఊరేగింపులు వెల్లువలై సాగినవి. జూన్ నెలలో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వారిని స్వీకరించెను. పండ్రెండేండ్ల క్రిందట బ్రూక్స్‌ను ఖండించిన ప్రతినిధుల సభలోనే బర్లింగేమ్ చీనా రాయబారిగా సన్మానింపబడెను. ఎల్లెడల అతడు చేసిన ప్రసంగములలో చీనా నిద్ర మేల్కొనినదనియు, పాశ్చాత్య విద్యను, మతమును, వర్తకమును ఆహ్వానించుచున్నదనియు వర్ణించెను. ఇది నిజమునకు మించిన చిత్రము. చీనా మంత్రులు కోరినది వ్యవధి. బర్లింగేమ్ వాక్కు దానిని ఉత్సాహముగా మార్చి చెప్పెను. తన కక్షిదారుపై మక్కువచే న్యాయవాది చేయు అతిశయోక్తియే యిది. దానికి తగిన మూల్యము పిమ్మట చెల్లింపవలసి వచ్చెను.

1868 జూలై 28వ తేదీన అమెరికా విదేశాంగ మంత్రి విలియం సీవార్డ్, చీనా రాయబారులు ఒక ఒడంబడికపై సంతకములు చేసిరి. బర్లింగేమ్ ఒడంబడికయని చరిత్రలో దానికి పేరు. అందు ఎనిమిది అధికరణములు కలవు. తన రేవులపై చీనాకు గల అధికారమును అది గుర్తించెను. అమెరికన్ రేవులలో చీనా కాన్సలులను నియమించుకొనవచ్చును. ఇరుదేశములవారికిని మతస్వేచ్ఛ కలదు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు స్వేచ్ఛగా తరలిపోవు హక్కు మనుష్యునికి సహజమని అందులో అంగీకరింపబడెను. ఇష్టములేనివారిని కూలీలుగా తరలించుట నేరముగా నిర్ణయింపబడెను. ఆ రోజులలో క్యూబా, పెరూ తోటలకు చీనా కూలీలను మోసముతో, బలిమితో ఓడలలో నింపి పంపుచుండిరి. కూలీ యను మాట మన దేశమున పుట్టినదే. మన తీరములనుండియు ఆ శతాబ్దిలో ఒప్పందపు కూలీలు మారిషస్ మొదలగు దీవులకు పోయిరి. ఒకరి విద్యాలయములలో మరియొకరు చదువుకొనవచ్చునని వేరొక అధికరణము. ఇనుపదారులు, తంతులు ఎప్పుడు వేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ చీనాదే యనియు, అమెరికా అందు జోక్యము చేసికొనదనియు చివరి అధికరణము.

అదే జూలై 28వ తేదీన అదే సీవార్డ్, అమెరికా రాజ్యాంగపు 14వ సవరణ ఆమోదింపబడెనని ప్రకటించెను. ఆ దేశమున పుట్టినవారికెల్ల పౌరసత్వమును, చట్టము నెదుట సమాన రక్షణమును కల్పించిన సవరణ అది. ఒకే దినమున వెలువడిన ఈ రెండు పత్రములును ఒకే భావమునకు రెండు రూపములు. కాని ఒడంబడికలో ఒక లోపము మిగిలెను. వలస వచ్చిన చీనావారికి అది పౌరసత్వమును వాగ్దానము చేయలేదు. ఇంటిలోనికి రమ్మని పిలిచి, ఇంటివానిగా మాత్రము అంగీకరింపనట్లయ్యెను.

సెప్టెంబరులో బృందము ఇంగ్లండు చేరెను. అచట పత్రికలు ఎకసక్కెములాడినవి. చీనా వర్తకులు నిందించిరి. అయినను బర్లింగేమ్ ఓపికతో సంప్రదింపులు సాగించెను. డిసెంబరు చివర విదేశాంగ మంత్రి క్లారెండన్ ప్రభువు, చీనా తన బాధ్యతలను పాటించినంతవరకు దానిపై స్నేహమునకు విరుద్ధమైన ఒత్తిడి తేబోమని వ్రాతమూలకముగా తెలిపెను. ఎనిమిదేండ్ల క్రిందట వేసవి భవనమును కాల్చిన రాజ్యమునుండి ఆ మాట వచ్చుట స్వల్ప విజయము కాదు. పారిస్‌లో మూడవ నెపోలియన్ మర్యాదలు చేసెను. కాని నెలలు గడచినను స్పష్టమైన వాగ్దానము ఈయలేదు. తరువాత స్వీడన్, డెన్మార్కు, హాలండు దేశములను దర్శించి, బర్లింగేమ్ బెర్లిన్‌లో బిస్మార్క్‌ను కలిసి అనుకూలమైన సమాధానము పొందెను. ఇంతలో 1869 నవంబరులో పీకింగ్‌లో అమెరికన్ ఒడంబడిక ధ్రువపడెను.

మిగిలినది రష్యా. చీనాతో వేలమైళ్ళ సరిహద్దు గల రాజ్యమది. 1870 ఫిబ్రవరిలో, ఘోరమైన చలిలో, బృందము సెంట్ పీటర్స్‌బర్గ్ చేరెను. 16వ తేదీన బర్లింగేమ్ జారు చక్రవర్తి రెండవ అలెగ్జాండరు దర్శనము చేసికొనెను. వెంటనే అతనికి ఊపిరితిత్తుల జ్వరము సోకెను. వారము తిరుగకముందే, 23వ తేదీన, ప్రాణము విడిచెను. అప్పటికి అతనికి 49 ఏండ్లు. దేహము కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానమున సమాధి చేయబడెను. చీనా చక్రవర్తి ప్రభుత్వము మరణానంతరము అతనికి ఉన్నత హోదాను ప్రసాదించి, కుటుంబమునకు ధనసహాయము చేసెను. మార్క్ ట్వేన్ పత్రికలో నివాళి వ్రాసెను. చీకాంగ్ మిగిలిన దేశములను చుట్టి, ఆ యేటి శరదృతువున స్వదేశము చేరెను.

వాది మరణించిన పిదప వాదమునకు చెడ్డకాలము వచ్చెను. 1870 జూన్‌లో టీన్‌సిన్ నగరమున ఫ్రెంచి కాన్సలు, క్రైస్తవ సన్యాసినులు జనసమూహముచే హతులైరి. బర్లింగేమ్ వర్ణించిన చీనా యెక్కడనని పాశ్చాత్యులు పరిహసించిరి. ఆ జూలై నెలలోనే వాషింగ్టన్ సెనేటులో పౌరసత్వ చట్టము చర్చకు వచ్చెను. తెల్లవారికి మాత్రమే పౌరసత్వమను నియమమునుండి ఆ తెల్ల అను పదమును తొలగింపవలెనని ఒక సెనేటరు పట్టుబట్టెను. అతడు ఒకనాడు బ్రూక్స్ కర్రకు గురియైన చార్లెస్ సమ్నరే. అతని ప్రతిపాదన ఓడిపోయెను. ఆఫ్రికా జాతివారికి తలుపు తెరువబడెను; ఆసియావారికి మూయబడియే ఉండెను.

కొంతకాలము ఒడంబడిక తన పని తాను చేసెను. 1872 మొదలుకొని నాలుగు విడతలలో 120 మంది చీనా బాలురు అమెరికాకు పోయి చదువుకొనిరి. 1869లో పూర్తియైన ఖండాంతర రైలుమార్గమునకు కొండలు తొలిచినవారిలో వేలకొలది చీనా కూలీలు కలరు. కాని 1873 తరువాత వ్యాపారము మందగించి, పనులు దొరకక, కాలిఫోర్నియాలో తెల్ల కార్మికుల కోపము చీనావారిపైకి మళ్ళెను. ఒక్కొక్క ఓడలో 15 మందికి మించి చీనా ప్రయాణికులు రాకూడదని 1879లో కాంగ్రెసు చట్టము చేయగా, బర్లింగేమ్ ఒడంబడికకు విరుద్ధమని అధ్యక్షుడు హేస్ దానిని నిరాకరించెను. చీనావారికి సంస్థలు పని ఈయరాదన్న కాలిఫోర్నియా నియమమును 1880లో న్యాయస్థానము ఆ ఒడంబడిక బలముతోనే కొట్టివేసెను. అప్పుడు అమెరికా ఒడంబడికనే మార్పబూనెను. అందుకై పీకింగ్ పోయినవారిలో ముఖ్యుడు జేమ్స్ ఏంజెల్, మిషిగన్ విశ్వవిద్యాలయపు అధ్యక్షుడు. బర్లింగేమ్ యువకుడై చదివిన శాఖ ఆ విశ్వవిద్యాలయముదే. మారిన షరతుల ఆధారమున 1882లో చీనా కార్మికుల రాక నిషేధింపబడెను. పదేండ్లకని చేసిన నిషేధము పొడిగింపబడి 1943 వరకు నిలిచెను.

సమ్నర్ తొలగింపలేకపోయిన ఆ పదము మనవారినికూడ తాకెను. 1917 చట్టము భారతీయుల వలసను నిషేధించెను. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబు వాసి తెల్లవాడు కాడనియు, పౌరసత్వమునకు అర్హుడు కాడనియు అమెరికా సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. చీనావారికి 1943లో, భారతీయులకు 1946లో ఆ తలుపు కొద్దిగా తెరువబడెను. 1965 చట్టముతో జాతిని బట్టి వలసదారులను ఏరు పద్ధతి తొలగెను. తెలుగువారు పెక్కుమంది ఆ దేశమున విద్యకు, వృత్తులకు పోవుట ఆ పిమ్మటి మాట.

బర్లింగేమ్ దోషములు లేనివాడు కాడు. పదవికొరకు ఒకప్పుడు అన్యాయమైన పక్షముతో కలిసెను. వాక్చాతుర్యము అతని బలము, బలహీనతయు. అయినను నేర్చుకొనుటకు అతడు సిగ్గుపడలేదు. నేర్చినదానిని నిలుపుటకు వెనుదీయలేదు. అతని ఒడంబడిక 14 ఏండ్లలో వమ్మయ్యెను. ఆ పత్రమున వ్రాయబడిన సూత్రము మాత్రము నశింపక, చట్టముల మరుగున చిరకాలము వేచియుండెను.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణమున, సముద్రపు పాయ ఒడ్డున, బర్లింగేమ్ అను చిన్న పట్టణము కలదు. ఒకనాడు అచట భూమి కొని ఇల్లు కట్టుకొనదలచి, కట్టకుండగనే మరణించిన ఆ రాయబారి పేరే దానికి పెట్టబడెను. ఆసియాఖండమునుండి వచ్చు విమానములు దిగు విమానాశ్రయము దాని చెంతనే ఉన్నది. పుస్తకముల పెట్టెతో అచట దిగు విద్యార్థులలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు కొలదిమంది. ఎరిగినచో, తాము దాటి వచ్చిన ద్వారముకడ ఒకప్పుడు ఎంతటి వాదము జరిగెనో వారికి బోధపడును.